పద్నాలుగు, పదిహేను

పద్నాలుగు, పదిహేను. పక్కపక్క అంకెలు కాక మరేమిటవి? బడి మొహం చూడనివాళ్ళకైనా పద్నాలుగు తర్వాత పదిహేనే వస్తుంది. టైలరమ్మ కూడా అదే అనుకుంది. నాటకాల హాలువాళ్ళు కౌంటరు ఎత్తేసి టికెట్లన్నీ ఫోనులోకి మార్చేశాక, తన చేత్తో తనే నొక్కి రెండు టికెట్లు కొన్నందుకు ఆమె వారం రోజులు కాలరెగరేసింది. "చూశావా అక్కా, ఎవర్నీ బతిమాలకుండా కొనేశా" అని కుట్టుమిషను ముందు కూర్చున్నప్పుడల్లా చెప్పిందే చెప్పింది.

తీరా హాల్లో అడుగుపెట్టాక బయటపడింది అసలు సంగతి. అక్కడ సీట్ల అంకెలు వరుస మధ్యలోంచి మొదలవుతాయట. సరి అంకెలన్నీ ఎడమకు, బేసి అంకెలన్నీ కుడికి. అంటే పద్నాలుగు ఈ గోడ పక్కన, పదిహేను ఆ గోడ పక్కన. మధ్యలో పదమూడు మంది కాళ్ళు చాపుకుని దర్జాగా కూర్చుని ఉన్నారు.

"ఇదెక్కడి లెక్కండీ బాబూ! మనుషులు పెట్టే లెక్కేనా ఇది?" అంది టైలరమ్మ, టార్చిలైటుతో దారి చూపించే ఆయన్ని పట్టుకుని.

"హాలు కట్టినప్పట్నుంచీ ఇంతేనమ్మా. కౌంటర్లో ఉన్నాయన మిమ్మల్ని చూడగానే పన్నెండు, పద్నాలుగు చింపి ఇచ్చేవాడు. ఫోనుకేం తెలుసు మీరెవరో?" అన్నాడాయన.

నిజమే. ఇన్నేళ్ళుగా వస్తున్నా ఆ చీటీల మీద ఏం రాసుందో ఆమె ఏనాడూ చదివిన పాపాన పోలేదు. ఇచ్చిన చోట కూర్చునేది. కౌంటరాయన విలువ ఇప్పుడు తెలిసొచ్చింది.

మామూలుగా అయితే ఎవరు ఎక్కడ కూర్చుంటే ఏముంది? కానీ అక్కకు చూపు పోయి ఆరేళ్ళయింది. పెద్దాసుపత్రిలో టెలిఫోను ఆపరేటరు ఆవిడ. చూపు పోయిందని ఉద్యోగం మానలేదు, నాటకాలూ మానలేదు. ఎవరైనా పొరపాటున "నాటకం విందురుగాని రండి" అన్నారో, ఒంటికాలి మీద లేస్తుంది. చూద్దాం అనాల్సిందే. ఆ చూడటం ఎలాగంటే, చెల్లెలు పక్కన కూర్చుని వేదిక మీద జరిగేదంతా చెవిలో గుసగుసగా చెబుతుంది. ఎవరొచ్చారు, ఎవరి మొహం ఎలా మాడింది, ఎవరు ఏం కట్టుకున్నారు. కట్టుకున్నవాటి దగ్గర మాత్రం కాస్త ఎక్కువసేపు ఆగుతుంది. టైలరమ్మ కదా మరి.

ఇంకో సంగతి కూడా ఉంది. అది అక్కకు తెలియదు, తెలియకూడదు. అది షేక్‌స్పియర్ నాటకం. ముగ్గురు కూతుళ్ళకు రాజ్యం పంచబోయి దిక్కులేనివాడైన ముసలి రాజు కథ. టికెట్లు కొన్నాక, జాకెట్టు కొలతలిచ్చేందుకు వచ్చిన కాలేజీ లెక్చరరమ్మ ఆ కథంతా చెప్పి, చివర్లో ఒక మాట అంది. "రాజు పక్షాన నిలబడ్డాడని ఒక పెద్దాయన కళ్ళు పొడిచేస్తారండీ. అక్కడే, వేదిక మీదే." టైలరమ్మ చేతిలోంచి టేపు జారిపోయింది. మానేద్దామంటే అక్క ఊరుకోదు. ఎందుకని అడిగితే ఏం చెబుతుంది? అందుకే మనసులో ఒకటి గట్టిగా అనుకుంది. ఆ సీను వచ్చేసరికి తను అక్క పక్కనే ఉండాలి. ఉండి, 'ఆయన్ని కట్టేసి కొడుతున్నారక్కా' అనో మరోటనో చెప్పి గట్టెక్కించాలి. ఇప్పుడు మధ్యలో పదమూడు మంది.

పదమూడో సీటాయన పళ్ళ డాక్టరు, ఒంటరిగా వచ్చాడు. టైలరమ్మ ప్రాణం లేచొచ్చింది. "మీరు కాస్త అటువైపు నా సీట్లో కూర్చుంటే..." అని ఇంకా పూర్తి చేయనేలేదు, ఆయన అడ్డంగా తలూపాడు.

"నాకు కుడి చెవి వినపడదమ్మా. ఎడం చెవి వేదిక వైపు ఉండాలనే ఈ చివర సీటు వెతుక్కుని కొనుక్కున్నాను. లేవను."

"మా అక్కకు కళ్ళు కనపడవండీ!"

"నాకు చెవి వినపడదు. ఇద్దరికీ కష్టమే" అన్నాడాయన తాపీగా.

ఆమెకు ఒళ్ళు మండిపోయింది. పోనీ మేనేజరుతోనే తేల్చుకుందామని బయటికి పరుగెత్తితే అక్కడ సంత. తమకిచ్చిన సీట్లే ఇంకొకళ్ళకూ అమ్మేశారని ఒక మొగుడూపెళ్ళాం ఇంకో జంటతో కొట్టుకుంటున్నారు. నిన్నటి నాటకానికి టికెట్టు కొనుక్కుని ఇవాళ వచ్చిన పెద్దమనిషి ఫోను గాల్లో ఊపుతున్నాడు. మధ్యలో మేనేజరు గొంతులో వెలక్కాయ పడ్డట్టు నిలబడింది. "సీట్లు మార్చడం నా చేతుల్లో లేదమ్మా, అంతా మిషనే ఇస్తుంది" అంది టైలరమ్మ వంకైనా చూడకుండా. అంతలో గంట మోగింది. లోపలికొస్తే అక్క కూడా "పోయి కూర్చోవే, నన్నేం ఎవరూ ఎత్తుకుపోరులే" అని తరిమింది. చేసేది లేక ఆమె పద్నాలుగులో కూలబడింది.

నాటకం ఏం చూసిందో ఆమెకే తెలియదు. కత్తి అన్నా, తాడు అన్నా, ఎవరైనా ముసలాయన వేదిక మీదికొచ్చినా సీటు అంచుకు జరిగేది. వచ్చేసిందా? ఇదేనా? మెడ చాచి ఆ చివరకు చూస్తే పదమూడు తలకాయలు తప్ప అక్క కనపడదు. మధ్యలో ఒకసారి పళ్ళ డాక్టరు తల పక్కకు వంగడం మాత్రం కనిపించింది. ఇంటర్వెల్ లైట్లు వెలిగేసరికి ఆ సీను ఇంకా రాలేదు. అమ్మయ్య అనుకుని, అందరి కాళ్ళూ తొక్కుతూ అటు ఉరికింది.

అక్క నవ్వుతోంది! ఏళ్ళ తర్వాత కలిసిన చుట్టంతో మాట్లాడినట్టు పళ్ళ డాక్టరుతో కబుర్లు చెబుతూ కడుపుబ్బా నవ్వుతోంది. చెల్లెలికి ప్రాణం చివుక్కుమంది.

"ఆ వానేమిటమ్మా, ఫ్యాను పెట్టి మగ్గుతో నీళ్ళు చల్లితే వానవుతుందా?" అంటోంది వెనక వరుసలో ఒకావిడ. "నాకైతే ఏడుపొచ్చింది" అంటోంది పక్కనున్నావిడ. "పెద్దకూతురు తప్పేముందండీ, నూరుమంది నౌకర్లతో వచ్చి కూర్చుంటే ఎవరు వండిపెడతారు?" అని ముందు వరుసలో ఎవరో వాదన పెట్టుకున్నారు.

"ఏమే, రాజు బనీను మీద ఉన్నాడటగా!" అంది అక్క. "కిరీటం కూడా లేదట. కూతుళ్ళు ఆఫీసుకు పోయేవాళ్ళలా ప్యాంట్లు వేసుకున్నారట. డాక్టరుగారు మొదట్లోనే చెప్పేశారు. ఎంత నవ్వొచ్చిందో!"

ఆ రాజుకు టైలరమ్మయితే ఊదారంగు మఖమలు అంగీ, మెడ చుట్టూ బొచ్చు వేసేది. వేసేదేమిటి, ఆరేళ్ళుగా వేస్తూనే ఉంది. వేదిక మీద ఎవరు ఏం తగిలించుకుని వచ్చినా, అక్క చెవిలో పడేసరికి పట్టూ, జరీ, కుచ్చులూ అయిపోయేవి. అబద్ధం అని ఆమె ఎప్పుడూ అనుకోలేదు. చూడలేని మనిషికి చూపించేటప్పుడు బాగున్నదే చూపించాలి కదా అనుకుంది, అంతే.

"పోయినేడు చూశామే, ఆ రాణి," అంది అక్క, నవ్వు ఆపి. "ఆకుపచ్చ మఖమలు, చేతుల చివర ముత్యాలు అన్నావు. డాక్టరుగారూ చూశారట దాన్ని. జీన్సు ప్యాంటట."

"ఆకుపచ్చ జీన్సే" అన్నాడు పళ్ళ డాక్టరు, సాయం చేస్తున్నాననుకుని.

"మీరు కాసేపు ఊరుకోండి!" అని కసిరింది టైలరమ్మ.

"ఆయన్నెందుకు అంటావు? ఉన్నమాట చెప్పినందుకా?" అక్క గొంతు పెరగలేదు గానీ, ఆసుపత్రి లైనులో ఎవరైనా డాక్టరు విసుక్కుంటే ఎలా ఆగి ఆగి బదులిస్తుందో అలా మాట్లాడింది. "ఆరేళ్ళ నుంచీ నువ్వు నాకు చూపిస్తున్నది నాటకమా, నీ కుట్టుకొట్టా?"

"నీకు ఇంపుగా ఉంటుందని కదక్కా."

"నాకు కళ్ళు పోయాయే, బుర్ర పోలేదు. రాజు బనీను మీద నిలబడి వానలో తడుస్తుంటే ఒకలా ఉంటుంది, మఖమల్లో తడిస్తే ఒకలా ఉంటుంది. ఏడవాల్సిన చోట నన్ను బట్టలు చూడమన్నావు. ఇంకా ఏం దాస్తున్నావో చెప్పు."

"ఇంటికెళ్ళిపోదాం అక్కా. నాకు తలనొప్పి..."

"ఆ కళ్ళు పొడిచే సీను కోసమా?"

"నీకెవరు చెప్పారక్కా?" అంది టైలరమ్మ.

"మా ఆసుపత్రి నర్సమ్మ చెప్పింది ఎప్పుడో. తెలిసే వచ్చాను. దాని కోసమే వచ్చాననుకో," అంది అక్క. "ఇంతమంది టికెట్టు కొనుక్కుని వచ్చి ఆ ముసలాయన కళ్ళు పోవడం చూస్తారు. అది అనుభవించిన మనిషిని, నేనొక్కదాన్నే చూడకూడదా? నేనేమైనా చిన్నపిల్లనా? విను. ఉన్నదున్నట్టు చెప్పేటట్టయితే నా పక్కన కూర్చో. లేదూ, పో, పోయి నీ పద్నాలుగులో కూర్చో. డాక్టరుగారు చెబుతారు."

ఆ చివరి మాట సూటిగా తగిలింది. ఈ పళ్ళు పీకే ఆయనా! లేవనని భీష్మించుకున్న ఈయనా తన అక్కకు నాటకం చూపించేది! టైలరమ్మ చెంగు బిగించి, అక్క సీటుకూ గోడకూ మధ్య ఉన్న నడవా మెట్టు మీద చతికిలబడింది.

గంట మోగింది. టార్చాయన వచ్చి లేవమన్నాడు. లేవలేదు. ఆయన వెళ్ళి మేనేజరును తీసుకొచ్చాడు.

"మెట్ల మీద కూర్చోకూడదమ్మా. రూలు ఒప్పుకోదు. మీ సీటు అక్కడుంది."

"నా సీటు ఇదే. నాకు రెండు సీట్లు పక్కపక్కన ఇస్తానని మీ మిషను పద్నాలుగూ పదిహేనూ అని చెప్పింది. ఇదిగో పదిహేను. దీని పక్కన ఏముందో అదే నా పద్నాలుగు."

"అలా కుదరదమ్మా."

"కుదరకపోతే ఆపండి నాటకం. రాజుగారిని వచ్చి లేపమనండి. బనీను మీదున్నా ఫరవాలేదు."

వెనకాల ఎవరో కిసుక్కుమన్నారు. అక్క కూడా సీట్లోంచి లేచి నిలబడింది. "దాన్ని పంపించేస్తే నేనూ మెట్టు మీదే కూర్చుంటానండీ. కళ్ళు లేనిదాన్ని చెయ్యి పట్టుకుని లాగుతారో ఏం చేస్తారో మీ ఇష్టం." మేనేజరు వాళ్ళిద్దరినీ మార్చి మార్చి చూసింది. లైట్లు ఆరడం మొదలైంది. "అయిపోయాక నా దగ్గరికి రండి" అని గొణిగి వెళ్ళిపోయింది. "వస్తాం, ఎక్కడికి పోతాం!" అంది టైలరమ్మ వెనక నుంచి.

ఆ సీను ఎంతోసేపు పట్టలేదు రావడానికి.

"ముసలాయన్ని తెచ్చారు," అంది టైలరమ్మ అక్క చెవి దగ్గర. "కుర్చీలో... కుర్చీలో కట్టేస్తున్నారు."

"ఏం కుర్చీ?"

"మామూలు ప్లాస్టిక్ కుర్చీ. తెల్లది. మూలన పగిలింది."

"ఊఁ."

"రెండో కూతురు పక్కన నిలబడింది. దాని మొగుడు కోటు విప్పి చేతులు పైకి మడుచుకుంటున్నాడు. చొక్కాకు ఒక గుండీ లేదు. అక్కా..."

"చెప్పవే."

"కుర్చీని వెనక్కి వంచాడు. బొటనవేలు... బొటనవేలు పెట్టాడక్కా. కంట్లో."

వేదిక మీద కేక. అక్క చెయ్యి ఆమె భుజం మీద పడి బిగుసుకుంది. ముందు వరుసలోంచి ఎవరో "ష్‌ష్" అన్నారు. టైలరమ్మ తలెత్తేలోపే అక్క మాట్లాడింది, నలుగురికీ వినపడేలా.

"మీరు చూస్తున్నారు కదండీ. నన్నూ చూడనివ్వండి."

అక్క మళ్ళీ చెల్లెలి వైపు వంగింది.

"తర్వాత?"

"చెంప మీద ఎర్రగా కారుతోంది. అది గుడ్డ పీలిక అక్కా, నాసిరకం శాటిను. అయినా చూడలేకపోతున్నాను. ఇప్పుడు రెండోది... రెండోదీ అయిపోయింది." టైలరమ్మకు కన్నీళ్ళు ధారగా కారిపోతున్నాయి. తుడుచుకోలేదు.

"అలా అరుస్తాడని అనుకోలేదు," అంది అక్క మెల్లగా. "నేను అరవలేదు. పొద్దున్నే లేచి, కిటికీ ఎందుకు మూశావే అని నిన్నడిగాను. గుర్తుందా?"

గుర్తులేకనా! కాఫీ గ్లాసు పట్టుకుని గుమ్మంలో నిలబడిపోయింది తను. కిటికీ బార్లా తెరిచే ఉంది. గదినిండా ఎండ.

"వానొస్తోందని మూశానక్కా అన్నావు," అంది అక్క. "వాన చప్పుడే లేదు. మొహం మీద ఎండ వెచ్చగా తగులుతోంది. నువ్వు అలా అన్నావు కదా అని, నేనూ ఊరుకున్నాను. సాయంత్రందాకా ఇద్దరం వానే అనుకున్నాం."

టైలరమ్మ అక్క మోకాలికి తల ఆనించింది. వేదిక మీద ఆ ముసలాయన కట్లు విప్పి గెంటేశారు. కుర్చీ పక్కకు పడిపోయింది.

"ఏడుపు తర్వాత. ఇప్పుడేం చేస్తున్నాడు?"

"లేచాడు. చేతులు చాపి తలుపు వెతుకుతున్నాడు."

"దొరికిందా?"

దొరికిందని చెప్పడానికి నాలుక చివరిదాకా వచ్చింది. ఎవరో మంచివాళ్ళు వచ్చి చెయ్యి పట్టుకున్నారని, ఆయన భుజాల మీద పట్టు శాలువా కప్పారని కూడా వచ్చింది. టైలరమ్మ మింగేసింది.

"లేదక్కా. గోడకు గుద్దుకున్నాడు."

"మరి ఆగిపోయాడా?"

"లేదు. గోడ పట్టుకునే నడుస్తున్నాడు."

"ఆఁ," అంది అక్క. "ఇదీ, ఇలా చెప్పు."