ఎనిమిదింటికే నిండిన చార్టు

మా నర్సింగ్ హోమ్‌లో రోజంతా పొద్దున ఎనిమిదింటికే అయిపోతుంది. కాగితం మీద. లేవలేని పేషెంట్లను రెండు గంటలకోసారి ఒక పక్క నుంచి ఇంకో పక్కకు తిప్పాలి. లేకపోతే ఒత్తుకుని పుండ్లు పడతాయి. తిప్పినప్పుడల్లా మంచానికి వేలాడే చార్టులో టైము పక్కన టిక్కు పెట్టి సంతకం చేయాలి. మేమేమో డ్యూటీ ఎక్కగానే ఎనిమిది, పది, పన్నెండు, రెండు, నాలుగు అన్నింటికీ ఒకేసారి పెట్టేస్తాం. తర్వాత తీరిక దొరకదని. నేను చేరిన వారంలోనే నాకీ పద్ధతి నేర్పారు. గుంపులో గోవిందా అని నేనూ నేర్చుకున్నాను.

పేరుకు నర్సింగ్ అసిస్టెంట్‌ని, పిలుపుకు ఆయాని. నారాయణగూడ ఫ్లైఓవర్ పక్క సందులో ఉద్యోగం, అశోక్ నగర్‌లో కిరాయి గది. ఆ గదిలో మా చెల్లె శ్రీదివ్య మూడేళ్లుగా గ్రూప్స్‌కు చదువుతోంది. నా పని పోతే దాని చదువూ పోతుంది. తర్వాత నన్నేదో ధైర్యవంతురాలిని అనుకోకుండా ఈ సంగతి ముందే చెప్తున్నాను.

సోమవారం చిక్కడపల్లి నుంచి జగన్నాథరావు గారిని తెచ్చారు. పక్షవాతం. ఎడమ పక్క చచ్చుబడింది, మాట పడిపోయింది. భార్య హైమవతమ్మ గానసభలో కచేరీకి వెళ్లి వచ్చేసరికి ఆయన హాల్లో నేల మీద ఉన్నారట. ఎంతసేపటి నుంచి పడి ఉన్నారో ఎవరికీ తెలియదు.

మంగళవారం ఇంకో ఆయా రాలేదు. పద్నాలుగు మంచాలు, నేనొక్కదాన్ని. హైమవతమ్మ రిపోర్టులు పట్టుకుని హైదర్‌గూడలో పెద్ద డాక్టరు దగ్గరికి పోయింది. పదింటికి ఆయన్ని ఎడమ పక్కకు తిప్పి, వీపు వెనక దిండు పెట్టాను. తర్వాత ఒకరికి విరేచనాలు, ఇంకొకరిని ఆపరేషన్‌కు తీసుకుపోవడం, ఇంకెవరికో దుప్పట్లు మార్చడం. మళ్లీ ఆయన దగ్గరికి వెళ్లేసరికి నాలుగు. తుంటి మీద అరచేయంత మేర ఎర్రగా కమిలిపోయి ఉంది. ఆయన నోరు తెరిచి చెప్పలేరు. చచ్చుబడ్డ పక్క కాబట్టి నొప్పీ తెలిసి ఉండదు. చార్టులో మాత్రం పన్నెండుకీ రెండుకీ నా సంతకాలు ముత్యాల్లా ఉన్నాయి.

తగ్గిపోతుందిలే అనుకున్నాను. ఎవరికీ చెప్పలేదు. శుక్రవారానికి చర్మం చిట్లింది.

హెడ్ నర్సు దమయంతి సిస్టర్ చూసి తల పట్టుకుంది. మేనేజర్ నాగేందర్ సార్ వచ్చి చార్టు తిరగేశాడు. ఆయన ముఖం వెలిగింది.

"చార్టు పర్‌ఫెక్ట్ ఉంది కదా. ఇగ మన తప్పేముంది? ఇంట్ల కింద పడ్డప్పుడే ఒత్తుకుంది. గదే చెప్పుండ్రి."

హైమవతమ్మకు ఆ మాట చెప్పింది దమయంతి సిస్టరే. నేను పక్కనే బేసిన్ పట్టుకుని నిలబడ్డాను. హైమవతమ్మ ఏడవలేదు. స్టూలు మీద కూర్చుని భర్త పాదం పట్టుకుంది.

"నేను ఆడ కచేరీల తాళం వేసుకుంట కూసున్న. ఈన ఇంట్ల నేల మీద పడి ఉన్నడు. ఇంకొక్క పాట అయినంక పోదాం అనుకున్న బిడ్డా. ఆ ఒక్క పాటకే ఇట్లయిందేమో."

నన్ను చూసే అంది. దొంగకు తేలు కుట్టినట్టయింది నా పని. సిగ్గేసింది. భయమూ వేసింది. అశోక్ నగర్ గది కళ్ల ముందుకొచ్చింది, పుస్తకం మీద వంగిన చెల్లె తల కనిపించింది. బేసిన్ తీసుకుని బయటికి పోయాను.

మధ్యాహ్నం ఆమె టిఫిన్ డబ్బా మూత కూడా తీయలేదు.

"జర తినుండ్రి అమ్మా."

"ఏ మొఖం పెట్టుకొని తినాలె?"

ఇక నావల్ల కాలేదు.

"అది ఇంట్ల కాలేదమ్మా. ఈడనే అయింది. నాతోటే అయింది. మంగళారం పది నుంచి నాలుగు దాక సార్‌ను తిప్పలే. తిప్పినట్టు పొద్దుగాలనే రాసిన."

ఆమె తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది. ముఖం పక్కకు తిప్పుకుంది.

నేను నర్సుల టేబుల్ దగ్గరికి పోయి మంగళవారం చార్టు తీసి, రెండు టిక్కుల పక్కన "తిప్పలేదు" అని రాసి సంతకం చేశాను. దమయంతి సిస్టర్ నా చేతిలోంచి పెన్ను లాక్కుంది.

"అందరం రాస్తం. నువ్వొక్కదానివే హరిశ్చంద్రునివా?"

"అందరం రాస్తం సిస్టర్. పుండు మాత్రం ఆయనొక్కనికే పడ్డది."

నాగేందర్ సార్ చార్టు చూసి రేపటి నుంచి రావద్దన్నాడు. ఈ రోజుకు వేరే మనిషి లేదు కాబట్టి డ్యూటీ పూర్తి చేసి పొమ్మన్నాడు.

రెండు కావస్తుండగా జగన్నాథరావు గారి గది దాకా పోయి గుమ్మంలో ఆగిపోయాను. లోపలికి పోయే ముఖం లేదు. ఆయన్ని ముట్టుకోనిస్తుందో లేదో. హైమవతమ్మ చేతి గడియారం చూస్తోంది. నన్ను చూడకుండానే అంది.

"రెండయింది. రా, పట్టు."

ఆమె భుజాల దగ్గర, నేను నడుము దగ్గర. మెల్లగా కుడి పక్కకు తిప్పాం. పుండుకు ఏమీ తగలకుండా చూశాను. మోకాళ్ల మధ్య దిండు పెట్టి, దుప్పటి ముడతలు సరిచేశాను. అలవాటుగా చార్టు కోసం చెయ్యి చాచాను. ఆ రోజు చార్టులో కూడా పొద్దున్నే పెట్టిన నా టిక్కులు వరసగా ఉన్నాయి.

ఆమె ఆ కాగితం తీసి పక్కన పెట్టింది. తన సంచిలోంచి ఒక తెల్లకాగితం తీసి నా ముందు పరిచింది.

"ఆగు," అంది. వంగి భర్త వీపు చూసింది, తుంటి చూసింది, కాళ్ల మధ్య దిండు సరిగ్గా ఉందో లేదో తడిమి చూసింది. అప్పుడు పెన్ను నా చేతికిచ్చింది.

"ఇప్పుడు రాయి."