ప్రిసిల్లా స్థానంలో మేబెల్

మాదాపూర్ వైపు అద్దాల మేడలు లేస్తున్న రోజులవి. అక్కడ చోటు దొరకనివాళ్లు సికింద్రాబాదు సందుల్లో కంప్యూటర్లు పెట్టుకుని, మేమూ సాఫ్ట్‌వేర్ వాళ్లమే అని చెప్పుకునేవారు. కల్యాణ్ అలాంటివాడే. రాంగోపాల్‌పేట్‌లో ఒక చెప్పుల దుకాణం పైన అతనికి రెండు గదుల ఆఫీసు ఉంది. గోడకి అమెరికా టైము చూపించే గడియారం ఒకటి తగిలించాడు. అది లేకపోతే మనం చేస్తున్నది విదేశీ పని అని మనకే నమ్మకం కుదరదని అతని వాదన.

పని ఇచ్చేది ఒహాయోలో ఉండే డేల్ అనే ఆయన. అక్కడి పూల దుకాణాలకీ బేకరీలకీ వెబ్‌సైట్లు చేసిపెడతానని ఒప్పుకుని, ఆ పని కల్యాణ్‌కి పంపించేవాడు. అది ఇండియాలో తయారవుతోందని ఆ దుకాణాలవాళ్లకి చెప్పేవాడు కాదు. ఇక్కడ ఎవరు చేస్తున్నారన్నది కల్యాణ్ కూడా డేల్‌కి సరిగ్గా చెప్పేవాడు కాదు. ఎవరి మూత వాళ్లు వేసుకుని వ్యాపారం సాఫీగా నడుపుకుంటున్నారు.

డేల్‌కి మన పేర్లు నోరు తిరిగేవి కావు. కన్నబాబు, లోవలక్ష్మి అన్న సంతకాలు మెయిళ్ల కింద చూసి, అక్కడ ఎంతమంది మారుతున్నారు, ఎవరితో మాట్లాడాలి అని విసుక్కునేవాడు. బోయిన్‌పల్లి అమ్మాయి ప్రిసిల్లా ఉద్యోగంలో చేరడంతో ఆ తంటా తీరిపోయింది. ఆ రోజు నుంచి ఆఫీసులో ఎవరు మెయిల్ రాసినా కింద ప్రిసిల్లా అనే పెట్టేవారు. పొద్దున కన్నబాబు ప్రిసిల్లా, మధ్యాహ్నం లోవలక్ష్మి ప్రిసిల్లా, సాయంత్రం కల్యాణే ప్రిసిల్లా.

“నా బాప్తిస్మం నాడు మా తాత పెట్టిన పేరు సార్ అది. అందరు కలిసి వాడేస్తున్నరు, జెర జాగ్రత్తగా వాడుండ్రి,” అని ఒకసారి అసలు ప్రిసిల్లా నవ్వింది.

అందరూ నవ్వారు. కల్యాణ్ అందరికంటే గట్టిగా నవ్వాడు.

మే నెలలో మదర్స్ డే వచ్చింది. అమెరికాలో ఆ ఆదివారం అమ్మలకి పూలు పంపిస్తారట. డేల్ తెచ్చిన ఒక పూల దుకాణానికి ఏడాదంతా అయ్యే బేరం ఒక ఎత్తు, ఆ వారం బేరం ఒక ఎత్తు. ఆ సైటు ప్రిసిల్లా చేతి మీద తయారైంది. పరీక్షించేటప్పుడు ఆర్డర్లు దుకాణానికి పోకుండా వీళ్ల ఆఫీసు మెయిల్‌కి వచ్చేలా పెట్టుకుంటారు. పని పూర్తయ్యాక దుకాణం మెయిల్ అడ్రసు పెట్టాలి. ప్రిసిల్లా శుక్రవారం సైటు ఇంటర్నెట్‌కి ఎక్కించి, అక్కడే ఆ అడ్రసు మార్చి, అంతా సరిచూసి వెళ్లింది. శనివారం ఆమెకి సెలవు. వాళ్ల చర్చిలో వేసవి బైబిల్ పాఠశాల, వాళ్ల మాటలో వీబీఎస్, ముగింపు రోజు అది. పిల్లల చేత పాటలు పాడించాలి.

శనివారం మధ్యాహ్నం డేల్ దగ్గర్నుంచి చిన్న మార్పు వచ్చింది. గులాబీల బొమ్మ కాస్త పెద్దది చెయ్యమన్నాడు. ఈ మాత్రం దానికి పిల్లని చర్చిలోంచి లాక్కురావడం ఎందుకని, కల్యాణ్ తన కంప్యూటర్లో ఉన్న ఫైలు తెరిచి, బొమ్మ పెద్దది చేసి ఎక్కించేశాడు. ఆ ఫైలు పాతది. అందులో ఉన్నది ఆఫీసు అడ్రసు. ప్రిసిల్లా మార్చిన కొత్త ఫైలు దాని కింద తుడిచిపెట్టుకుపోయింది. మంచి మనసుతో చేసిన పనే, కానీ ఒళ్లు దగ్గరపెట్టుకుని చెయ్యలేదు.

సోమవారం పొద్దున ఆఫీసు తెరిచేసరికి, ఎవరూ చూడని ఆ మెయిల్ పెట్టె ఆర్డర్లతో నిండిపోయి ఉంది. అమ్మకి ప్రేమతో, అమ్మా తొందరగా కోలుకో, ఈసారి రాలేకపోతున్నాను క్షమించు. ఇలాంటి చీటీలు తెరిచినకొద్దీ వస్తున్నాయి. ఒక్కదానికీ పూలు వెళ్లలేదు. కల్యాణ్‌కి విషయం వెంటనే అర్థమైంది.

అతను నోరు తెరిచేలోపే ప్రిసిల్లా సైటులో ఉన్న ఫైలు తెరిచి చూసేసింది. మొహం తెల్లబోయింది.

“సార్, అడ్రస్ మార్చిన అనుకున్న. మార్చలేదు. వీబీఎస్‌కి పోవాలని తొందరపడ్డ సార్. నాదే తప్పు.”

కల్యాణ్ అప్పుడే చెప్పాలి. చెప్పడానికి ఒక్క ముక్క చాలు. కానీ కన్నబాబూ లోవలక్ష్మీ తన మొహంలోకే చూస్తున్నారు. యజమాని పాత ఫైలు ఎక్కించాడన్న మాట వాళ్ల ముందు అనడానికి కల్యాణ్‌కి నోరు రాలేదు. “సరేలే, అందరం మనుషులమే,” అన్నాడు. ఆ మాట ఎంత నీచమైనదో అంటున్నప్పుడే అతనికి తెలుసు.

డేల్ మెయిల్ నిప్పులు కక్కింది. ప్రిసిల్లా ఇక తన పని ముట్టుకోకూడదు; ఆమెని తీసేస్తేనే సంబంధం ఉంటుంది. కల్యాణ్ బుర్ర గోక్కుని, ప్రిసిల్లాని తీసేశామనీ, ఆమె స్థానంలో మేబెల్ అనే అనుభవజ్ఞురాలిని పెట్టామనీ జవాబిచ్చాడు. మేబెల్ అనే మనిషి భూమ్మీద ఎక్కడున్నా ఆ ఆఫీసులో మాత్రం లేదు. అదే కుర్చీలో, అదే ప్రిసిల్లా కూర్చుని, మెయిళ్ల కింద మేబెల్ అని రాయడం మొదలుపెట్టింది.

కొన్నాళ్లకి డేల్ తెగ మెచ్చుకున్నాడు. మేబెల్ పని వజ్రం, ఆ ప్రిసిల్లాతో పోలికే లేదు అన్నాడు. ఆ మెయిల్ చదివి ప్రిసిల్లా నవ్వబోయింది. నవ్వు సగంలో ఆగిపోయింది. ఇప్పుడామె ప్రతి ఫైలూ మళ్లీ మళ్లీ తెరిచి చూసుకుంటోంది. ఇంటికి బయల్దేరి, మెట్లు దిగి, మళ్లీ పైకొచ్చి చూసుకుంటోంది. కల్యాణ్ కంప్యూటర్లో తల దూర్చి చూడనట్టు నటించేవాడు.

ఇంట్లో మాత్రం దాచలేకపోయాడు. సత్యవేణి విజయనగరం మనిషి. మొగుడు అన్నం కెలుకుతుంటే ఊరుకునే రకం కాదు. నిలదీసి మొత్తం కక్కించింది.

“చెప్పీసేరా ఆ పిల్లకి?”

“చెప్తాన్లే.”

“ఎప్పుడు చెప్తారు? దాని ఉసురు మనకి తగిలేకా? రేపే చెప్పీయండి.”

రేపు వచ్చింది, పోయింది. అలాంటి రేపులు చాలా పోయాయి.

జూన్ చివర్లో ప్రిసిల్లా తండ్రి ఏసురత్నం గారు ఆఫీసుకి వచ్చారు. రిటైరైన బడిపంతులు, తెనాలి వైపు మనిషి. తెల్ల చొక్కా గుండీలు మెడదాకా పెట్టుకుని, కుర్చీ చివర కూర్చున్నారు. “అమ్మాయికి మాదాపూర్లో పెద్ద కంపెనీలో ఉద్యోగం వచ్చిందండి. ఆదివారం సాయంత్రం మా ఇంట్లో కృతజ్ఞతా కూడిక పెట్టుకున్నాం. మీ దంపతులు తప్పకుండా రావాలి. ఆ పొరపాటు జరిగాక కూడా మా పిల్లని తీసెయ్యకుండా ఉంచుకున్నారు. మీ మేలు మరిచిపోలేము,” అని రెండు చేతులూ జోడించారు.

కల్యాణ్ ఆ చేతుల మీంచి చూపు తిప్పుకున్నాడు. అయినా లోపల ఎక్కడో కాస్త తేలికపడ్డాడు. పిల్ల మంచి ఉద్యోగానికి వెళ్లిపోతోంది, ఇక చెప్పకపోయినా నష్టం లేదనుకున్నాడు. పిరికివాడికి ఇలాంటి లెక్కలు బాగా వస్తాయి.

ఆదివారం బోయిన్‌పల్లిలో ఆ చిన్న హాలు కిక్కిరిసిపోయింది. సామాన్లన్నీ బయట పెట్టి చాపలు పరిచారు. వద్దన్నా వినకుండా కల్యాణ్‌కీ సత్యవేణికీ కుర్చీలు వేశారు. పాటలయ్యాయి, ప్రార్థనయింది. లోపల్నుంచి కోడి పలావు వాసన వస్తోంది. దేవుడు చేసిన మేలు గురించి సాక్ష్యం చెప్పమని పాస్టరు గారు పిలిస్తే, ప్రిసిల్లా నెత్తి మీద కొంగు సర్దుకుని లేచింది.

“దేవుడు నాకు పెద్ద ఉద్యోగం చూపించిండు. కాని నేను పోతలేను.”

హాల్లో గుసగుసలు రేగాయి. ఏసురత్నం గారు తల ఎత్తారు. ఆయనకీ అది కొత్త మాటే.

“నేను చేసిన తప్పుకి ఎందరో అమ్మలకి పూలు పోలేదు. చర్చి పని మీద తొందరలో చేసిన తప్పది. దేవుని పేరు మీద కూడ మచ్చ తెచ్చిన. మా సార్ నన్ను ఒక్క మాట సుత అనలేదు. ఇంకొకరైతే ఆ రోజే తీసేసేటోళ్లు. ఇంత అజాగ్రత్త మనిషిని, పెద్ద కంపెనీకి పోయి ఏం చేస్తా? సార్ దగ్గరనే ఉండి, ఆయన నమ్మకం నిలబెట్టుకుంటా. రేపు ఆ కంపెనీకి రానని చెప్తా. నా అజాగ్రత్త పోవాలని నాన్న ప్రతి శుక్రవారం ఉపవాసం ఉంటుండు. అది కూడ దేవుడు వినాలె.”

ఆమె కూర్చుంది. పాస్టరు గారు మురిసిపోయి కల్యాణ్ వైపు తిరిగారు. “అయ్యగారూ, మీరూ రెండు మాటలు సెలవివ్వండి.”

కల్యాణ్ లేచాడు. ఈ మధ్య ప్రతి శుక్రవారం తను ఆఫీసు ఎదురు హోటల్నుంచి మిర్చి బజ్జీలు తెప్పించుకుని తిన్నాడని గుర్తొచ్చింది. సత్యవేణి అతని మొహంలోకి చూడలేదు. నేలకేసి చూస్తూ కూర్చుంది.

“ఆ తప్పు ప్రిసిల్లాది కాదండి,” అన్నాడు. “ఆ అమ్మాయి శుక్రవారమే అంతా సరిగ్గా చేసి వెళ్లింది. శనివారం నేను పాత ఫైలు ఎక్కించాను. సోమవారం పొద్దున్నే నాకు తెలుసు. సిగ్గుతో చెప్పలేదు. నేను క్షమించలేదండి ఆమెని. నా తప్పు ఆమె మీద వేసి, దయగలవాడిలా కూర్చున్నాను.”

చాప మీద ఎవరో దగ్గారు. ప్రిసిల్లా లేచి దగ్గరికొచ్చింది.

“నేను అడ్రస్ మార్చిన్నా సార్?”

“మార్చావమ్మా.”

“నిజంగ మార్చిన్నా?”

“మార్చావు.”

ఆమె అతన్ని తిట్టలేదు. మొహం రెండు చేతుల్తో కప్పుకుని అక్కడే నిలబడి ఏడ్చింది. తిట్టి ఉంటే బాగుండునని కల్యాణ్‌కి అనిపించింది.

భోజనాల దగ్గర ఏసురత్నం గారు పలావు పళ్లెం స్వయంగా తెచ్చి అతని చేతికిచ్చారు. “తినండి. మా ఇంటికి వచ్చినవారు తినకుండా వెళ్లకూడదు,” అన్నారు.

సోమవారం ప్రిసిల్లా మాదాపూర్ ఉద్యోగానికి వెళ్తున్నానని రాజీనామా ఇచ్చింది. “డేల్‌కి నా పేరు బాగు చెయ్యుండ్రి సార్. అది చాలు,” అని మెట్లు దిగింది. ఈసారి ఫైళ్లు చూసుకోవడానికి మళ్లీ పైకి రాలేదు.

కల్యాణ్ డేల్‌కి పాత ఫైలు సంగతంతా రాశాడు, మేబెల్ సంగతి తప్ప. తప్పు తనదేననీ, ప్రిసిల్లాకి ఏ పాపమూ తెలియదనీ ఒప్పుకున్నాడు. మర్నాడు జవాబొచ్చింది. నిజం చెప్పినందుకు సంతోషం, కానీ నీ చేతికి నా పని ఇవ్వను, ఇకనుంచి మేబెల్ ఒక్కతే చూడాలి, అదే నా షరతు అన్నాడు డేల్.

కల్యాణ్ ప్రిసిల్లా కుర్చీ వైపు చూశాడు. కన్నబాబుని మేబెల్‌గా కూర్చోబెడితే డేల్ పని ఉంటుంది, ఆఫీసూ ఉంటుంది. కన్నబాబు అప్పటికే అందులో సర్దుకుని కూర్చున్నాడు కూడా. కల్యాణ్ అతన్ని లేపి తనే కూర్చున్నాడు.

“మీరు పనిమంతురాలన్న మేబెల్, మీరు తీసెయ్యమన్న ప్రిసిల్లా, ఇద్దరూ ఒక్క మనిషే. ఆ మనిషిని నేను పోగొట్టుకున్నాను,” అని రాసి, కింద బొడ్డేపల్లి కల్యాణరావు అని, డేల్‌కి నోరు తిరగని తన పేరు మొత్తం పెట్టి పంపించాడు.