నీళ్లతో నేర్చుకున్న పని

మా చెల్లి డిగ్రీలో కెమిస్ట్రీ చదివింది. చదివిందంటే పుస్తకాలు చదివింది, పరీక్షలు రాసింది, మార్కులు తెచ్చుకుంది. యాసిడ్ మాత్రం చదువు పూర్తయ్యేదాకా కంటితో చూడలేదు. చూడ్డానికి కాలేజీలో ఉంటే కదా!

ఆ కాలేజీ ప్రభుత్వానిది. పెద్ద చదువులకిచ్చే డబ్బు ఏటికేడు కోసేశారు. ముందు ల్యాబ్‌లో అటెండరు పోయాడు, తర్వాత గ్యాసు పోయింది, చివరికి కెమికల్స్ కొనడమే మానేశారు. పోనీ తలా కాస్తా వేసుకుని మేమే కొనుక్కుంటాం అన్నారు పిల్లలు. విద్యార్థుల దగ్గర పైసా వసూలు చేసినా ఊరుకోమని పైనుంచి హుకుం వచ్చింది. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు.

మాస్టారు మాత్రం ప్రాక్టికల్స్ ఆపలేదు. యాసిడ్ సీసాలో కుళాయి నీళ్లు, పక్క సీసాలోనూ అవే నీళ్లు. ఒకదాంట్లో ఒకటి పోయించి, "ఇప్పుడిది గులాబీ రంగుకి తిరిగిందనుకోండి" అనేవారట. తిరిగిందని అందరూ రాసుకునేవారు. చెల్లి ఇంటికొచ్చి ఆయన గొంతుతో ఆ మాట అంటుంటే అమ్మా నేనూ పొట్ట పట్టుకుని నవ్వేవాళ్లం.

పిపెట్ అని ఒక సన్నటి గాజు గొట్టం ఉంటుంది. ద్రవాన్ని అందులోకి గీత దాకా లాగి, ఇంకో పాత్రలో వదలాలి. లాగడానికి రబ్బరు బుడ్డి ఉండాలట. కాలేజీలో ఉన్న బుడ్డీలు చీలిపోయాక మళ్లీ కొనలేదు. చెల్లి చేరేనాటికే పిల్లలంతా నోటితో లాగుతున్నారు. నీళ్లే కదా, భయమేముంది? నోట్లోకి వస్తే మింగేసేవారు. చెల్లి అందరికన్నా బాగా లాగేది. చూపు గీత మీద, పై కొస మూయడానికి వేలు సిద్ధంగా. చుక్క కూడా అటూ ఇటూ అయ్యేది కాదు. తోటివాళ్లకు చేసి చూపించమని మాస్టారు ఆమెనే పిలిచేవారు. నేను దర్జీ కొట్టులో కాజాలు కుడతాను, పని ఒడుపు చూస్తే తెలుస్తుంది. "నీకు పని పట్టుబడిందే" అని మురిసిపోయేదాన్ని.

మందుల ఫ్యాక్టరీలో ఉద్యోగానికి రాతపరీక్ష గట్టెక్కింది, ఇంటర్వ్యూ గట్టెక్కింది. ఇక ల్యాబ్‌లో పని చేసి చూపించడమే మిగిలింది. అమ్మ నాలుగిళ్లలో పాచిపని చేస్తుంది. మోకాళ్లు అరిగిపోయి, మెట్ల మీద కూర్చుని ఒక్కొక్కటే దిగుతుంది. చెల్లికి ఆ ఉద్యోగం వస్తే అమ్మ ఇంటిపట్టున కూర్చోవచ్చు. మా ముగ్గురికీ ఉన్న ఆశ అదొక్కటే.

ఆ రోజు నేనూ వెంట వెళ్లాను. ల్యాబ్‌కి గాజు తలుపు. బయట బెంచీ మీంచి లోపలంతా కనిపిస్తోంది. వాళ్లిచ్చిన తెల్లకోటు చెల్లికి భుజాల దగ్గర జారుతోంది. ఉద్యోగం రానీ, సరిచేసి కుడతాను అనుకున్నాను. సూపర్‌వైజరు సీసా చూపించి, కొంత యాసిడ్ తీసి నీళ్లలో కలపమన్నాడు. పక్కనే ఎర్రటి రబ్బరు బుడ్డి పెట్టి ఉంది. చెల్లి అలాంటిది ఎన్నడూ చూసి ఎరగదు. అదేంటని అడిగితే ఏమీ రానిదనుకుంటారేమోనని అడగలేదు. తనకొచ్చిన పని తను చేసింది. గొట్టం సీసాలో ముంచి, రెండో కొస నోట్లో పెట్టుకుంది.

"ఏయ్!" అని అరిచాడు సూపర్‌వైజరు. ఆ కేకకి ఉలిక్కిపడి చెల్లి ఇంకాస్త గట్టిగా పీల్చింది.

నేను లోపలికి పరిగెత్తేసరికి ఆమె నోరు కుళాయి కింద పెట్టి కడుగుతున్నారు. సూపర్‌వైజరు నా వైపు తిరిగాడు. "బుడ్డి పక్కనే పెట్టాను కదమ్మా! యాసిడ్‌ని నోటితో ఎవరైనా లాగుతారా?" అని నన్నడిగాడు.

"మా కాలేజీ మొత్తం లాగుతుంది బాబూ" అన్నాను.

ప్రాణం దక్కింది. నాలుక ముడుచుకుపోయింది, గొంతు కాలింది. పల్చటివి తప్ప ఏమీ దిగవు. మాట్లాడుతుంది కానీ పూర్తిగా అర్థమయ్యేది నాకూ అమ్మకూ మాత్రమే. ఆ ఉద్యోగం ఇంకెవరికో పోయింది. అమ్మ ఇంకో ఇల్లు ఒప్పుకుంది.

మాస్టారు చూడ్డానికొచ్చారు. గుమ్మంలోనే ఆపేశాను. "రండి మాస్టారూ! దాని నోట్లో గులాబీ రంగు వచ్చింది, చూసి రాసుకోండి" అన్నాను.

ఆయన అక్కడే చతికిలపడ్డారు. "ప్రాక్టికల్స్ ఆపితే ఆ గది మూసేస్తారమ్మా. గది మూస్తే కోర్సే తీసేస్తారు. మీలాంటి ఇళ్ల పిల్లలు ఇంకెక్కడికి పోతారు?" అని ఏడ్చారు. నాకు జాలి కలగలేదు. ఆ డబ్బు కోసినవాడు నా గుమ్మంలోకి రాడు కదా, వచ్చినవాడినే తిట్టాను.

పుళ్లు కాస్త మానాక చెల్లి కాలేజీకి తీసుకెళ్లమంది. ల్యాబ్ గోడకి కొత్త కాగితం అంటించారు: నోటితో పీల్చరాదు. చేతులు కాలాక ఆకులు. దాని కిందే జూనియర్లు వరసగా నిలబడి నోళ్లతో పీలుస్తున్నారు. చెల్లి మొహానికి కట్టుకున్న గుడ్డ కిందికి లాగి, ఒక్కొక్కరి ముందుకూ వెళ్లి నోరు తెరిచి చూపించింది. ఒకమ్మాయి వెక్కి వెక్కి ఏడ్చింది. అందరూ గొట్టాలు కింద పెట్టేశారు.

చివరి బల్ల దగ్గర పిల్ల మాత్రం గొట్టం వదల్లేదు. "పరీక్షలో ఇదే చేసి చూపించాలక్కా. మరి దేంతో లాగమంటారు?" అంది.

చెల్లి తలుపు దగ్గరున్న మాస్టారి వైపు చూసింది. మాస్టారు ఖాళీ సీసా తీసుకుని కుళాయి దగ్గరికి నడిచారు.

ఆ పిల్ల అది చూసింది. "నీళ్లే కదక్కా" అని, గొట్టం మళ్లీ నోట్లో పెట్టుకుంది.