ఎదురొచ్చిన నిచ్చెన

నేను ఒక నిచ్చెనను. ఇళ్ళకు రంగులేసేవాడి భుజం మీద మీరు నన్ను చూసే ఉంటారు, చూడగానే పక్కకు తప్పుకునే ఉంటారు. తప్పుకోవడమే మంచిది. మోసేవాడు ఎవరో పిలిచారని వెనక్కి తిరిగాడంటే నా తోక ఎవరి వీపున తగులుతుందో నాకే తెలియదు.

పుట్టింది మారేడుమిల్లి అడవిలో. వెదురు పొదలో గుంపుగా పెరిగాను. నరికి, లారీకెక్కించి పెద్దాపురం కలప అడితిలో పడేశారు. మేదర సత్తెయ్య వచ్చి గెడలన్నీ తట్టి చూసి, నన్నూ ఇంకొకణ్ణీ ఏరుకున్నాడు. మా ఇద్దరినీ నిప్పు సెగన కాచి వంకర తీశాడు. బెజ్జాలు పెట్టి, మెట్లు దూర్చి, కొబ్బరితాడుతో బిగించాడు. పొద్దున ముఖపరిచయం కూడా లేని రెండు గెడలం సాయంత్రానికి ఒక్క నిచ్చెన అయ్యాం. మనుషుల పెళ్ళిళ్ళు కూడా ఇంచుమించు ఇలాగే జరుగుతాయని తరువాత తెలిసింది.

నన్ను కొన్నవాడు నూకరాజు. అప్పటిదాకా ఒకరి కింద కూలికి రంగులేసి, సొంతంగా పని పెట్టుకుందామని బయటికొచ్చిన మనిషి. రంగు కలపడమంటే అతనికి ప్రాణం. నా మెట్టు మీద కూర్చుని డబ్బాలో పుల్ల తిప్పుతూ, గోడ మీద వేలెడంత పూసి, ఆరేదాకా చూసి, మళ్ళీ కలిపేవాడు. ఇంటివాళ్ళు "తొందరగా కానీవయ్యా" అంటే "తొందరగా ఏత్తే తొందరగా ఊడిపోద్దండి" అనేవాడు. అతని భార్య మరిడమ్మ గోడలు గీకేది, పుట్టీ పెట్టేది, నా కాళ్ళు జారకుండా పట్టుకునేది. అతను పైనుంచి రంగు ఒలకబోస్తే కింద నుంచి మాటలు ఒలకబోసేది.

అంతా బాగానే ఉంది గానీ, నేనే వాళ్ళకు గుదిబండనయ్యాను. నేను రెండు నిలువుల పొడవు. బస్సు కండక్టరు నన్ను చూడగానే తల అడ్డంగా తిప్పి విజిలేసేవాడు. ఆటోవాళ్ళు మొగుడూ పెళ్ళాలకు పది పది రూపాయలు చెప్పి, నాకు నూట యాభై చెప్పేవారు. నేను తినను, మాట్లాడను, సీటు అడగను. అయినా ఆ ఊళ్ళో నా అంత ఖరీదైన ప్రయాణికుడు లేడు. నూకరాజు ఒకసారి నన్ను సైకిలుకు కట్టుకుని బయల్దేరి, సెంటర్లో మలుపు తిరుగుతూ టీకొట్టు గ్లాసులన్నీ ఊడ్చేశాడు. ఆ రోజు సంపాదన గాజుపెంకుల పాలైంది.

ఇక ఒక ఇంట్లో పని అవగానే నన్ను అక్కడే వదిలి, ఆ వీధిలోనే మరో బేరం వెతుక్కునేవాడు. బేరం కుదిరేదాకా ఆ ఇంటివాళ్ళకు నేను ఉచిత సేవకుణ్ణి. నన్నెక్కి మునక్కాయలు కోసేవారు, బొంతలు ఆరేసేవారు. సూర్యకాంతమ్మగారని ఒక పెద్దావిడ అయితే ఏకంగా నా మీద చిక్కుడుతీగ పాకించింది. నూకరాజు తీసుకెళ్ళడానికి వస్తే "పూత మీదుంది నాయనా, కాపయ్యాక రా" అంది. తీగ పిల్లలాంటిదట, తెంచితే పాపమట. మరి నిచ్చెన లేక నూకరాజు ఇంట్లో పొయ్యి వెలగకపోతే అది ఎవరి పాపమో ఆవిడ చెప్పలేదు.

చివరికి ఆటో కిరాయిలకూ అరిగిపోయిన బ్రష్షులకూ పోగా చేతిలో మిగిలేది లేక నూకరాజు దిగాలు పడ్డాడు. కాకినాడలో ఒక కంట్రాక్టరు రోజు కూలికి రమ్మన్నాడు. నిచ్చెనలు వాళ్ళవే, రంగులు కలిపి వచ్చేవే, ఒట్టి చేతులతో వెళ్తే చాలు. సూర్యకాంతమ్మగారు నన్ను కొంటానని కబురు పెట్టింది. శాశ్వతంగా చిక్కుడు పందిరి! నాకు గుండె ఉంటే ఆ రాత్రి ఆగిపోయేది.

"కాలవ అవతల కాలనీలో ఒక్క ఇల్లుంది. అది సేసేసి, నిచ్చెన అమ్మేత్తానే" అన్నాడు నూకరాజు.

"అంత దూరానికి ఆటో కిరాయి ఎవడిత్తాడు?" అంది మరిడమ్మ. మళ్ళీ తనే అంది: "మనిద్దరికీ బుజాల్లేవా ఏంటి?"

మర్నాడు చలి మంచులో బయల్దేరాం. రెండోసారి తిరిగే పని లేకుండా సరంజామా అంతా నా మీదే పేర్చారు. బ్రష్షులు, సున్నం సంచి, పుట్టీ సంచి వరసగా పరిచి, రంగు మరకలు పడకుండా సామాన్ల మీద కప్పే తెల్ల దుప్పటి వాటి మీద కప్పి, అటూ ఇటూ తాడుతో కట్టారు. ముందు నూకరాజు భుజం, వెనక మరిడమ్మ భుజం. నూకరాజు చేతిలో చిన్న రంగు బక్కెట్టు వేలాడుతోంది.

వీధి మలుపు తిరిగామో లేదో, టీకొట్టు దగ్గర నిలబడ్డవాళ్ళు గ్లాసులు కిందపెట్టి తలకు చుట్టుకున్న తువ్వాళ్ళు తీసేశారు. మమ్మల్ని ఎప్పుడూ హారన్‌తో తిట్టిపోసే లారీ చప్పుడు చెయ్యకుండా పక్కన ఆగింది. నిన్నటిదాకా తల అడ్డంగా తిప్పిన బస్సు కండక్టరు కూడా ఫుట్‌బోర్డు మీద నుంచి దణ్ణం పెట్టాడు. "ఈ రోజు అందరికీ ఏమొచ్చిందే, ఇంత మర్యాదగా ఉన్నారు?" అని నూకరాజు ఆశ్చర్యపోయాడు.

మరిడమ్మకు ముందు అర్థమైంది. మంచులో తెల్లగుడ్డ కప్పి, తాళ్ళు కట్టి, ముందువాడి చేతిలో కుండలాంటిది పెట్టుకుని వెళ్తుంటే జనం నన్ను ఏమనుకుంటారు? పాడె అనుకున్నారు! ఆవిడకు నవ్వు ఆగలేదు. కొంగు నోట్లో కుక్కుకున్నా భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి. అరుగు మీదున్న ముసలమ్మ "మోయడానికి నలుగురు మగాళ్ళు కూడా దొరకలేదు కాబోలు. ఎంతలా కుమిలిపోతందో తల్లి" అని ముక్కు చీదింది.

కాలవ వంతెన మీద సైకిలు మీద ఒకాయన ఎదురొచ్చాడు. చేతిలో కాగితాల సంచి, ముఖంలో దిగులు. మమ్మల్ని చూడగానే దిగి, చెప్పులు విడిచి, చేతులు జోడించాడు. దిగులంతా పోయి ముఖం విప్పారింది. "ఎవడివో గానీ బాబూ, మంచి ఏళకి ఎదురొచ్చావు" అని గొణుక్కుని హుషారుగా సైకిలెక్కాడు. శవం ఎదురొస్తే తలపెట్టిన పని అవుతుందని మనుషుల నమ్మకం. పోయినవాడి సంగతి ఎలా ఉన్నా, ఉన్నవాళ్ళు తమ పని చూసుకుంటారు.

కాలనీలో ఇల్లు పూర్తయింది. రంగు బాగా కుదిరింది, కానీ కాకినాడ ప్రయాణం మాత్రం ఆగలేదు. సూర్యకాంతమ్మగారి మనిషి నన్ను తీసుకెళ్ళడానికి రావలసిన రోజున, నూకరాజు గుమ్మం ముందు కొత్త ట్రాలీ ఆటో ఒకటి ఆగింది. దిగినవాణ్ణి చూసి నా మెట్లు బిగుసుకున్నాయి. వంతెన మీద దణ్ణం పెట్టిన మనిషే! పేరు తాతారావు.

"కాలనీలో మా పక్కింటికి ఏసింది మీరే కదండీ? మా ఇంటికి కూడా అదే రంగు కావాలి."

"ఇక సొంత పని మానేత్తన్నానండి. నిచ్చెన తిప్పే కర్సు బరించలేక అమ్మేత్తన్నాను" అన్నాడు నూకరాజు.

"అయ్యో" అంటూ తాతారావు అరుగు మీద కూలబడి, తన కథ చెప్పుకొచ్చాడు. బండి కోసం అప్పు అడిగితే బ్యాంకువాళ్ళు ఎన్నిసార్లు తిరిగినా ఇవ్వలేదట. "ఆఖరిసారని ఎల్తంటే వంతెన మీద శవం ఎదురొచ్చింది. ఇద్దరే మోత్తన్నారు, మంచులో మొకాలు ఆనలేదు. ఎనకాల ఆవిడైతే ఒకటే ఏడుపు. ఆ పుణ్యాత్ముడి చలవండి, ఆ రోజే అప్పు మంజూరైంది!"

టీ తెస్తున్న మరిడమ్మ గ్లాసు అక్కడే పెట్టేసి, గోడకు ఆనుకుని పగలబడి నవ్వింది. నూకరాజు కళ్ళెర్రజేశాడు. వచ్చిన బేరం కాస్తా పోతుందని అతని భయం. ఆవిడ ఆగితేనా?

"అన్నయ్యగారూ, ఆ పుణ్యాత్ముడు అదిగో, చూరు కింద ఆనుకున్నాడు. ఏడిసింది నేనేనండి, నవ్వాపుకోలేక!"

తాతారావు లేచాడు. నా దగ్గరికొచ్చాడు. మెట్లు తడిమాడు, తాడు లాగాడు, నన్ను పైనుంచి కింద దాకా చూశాడు. నూకరాజు ఊపిరి బిగబట్టాడు. నేనూ బిగబట్టాను.

"అయితే ఎవరూ సచ్చిపోలేదా?"

"లేదండి" అన్నాడు నూకరాజు బిక్కముఖంతో.

"ఎవరూ సావకుండానే నా పనైపోయిందా!" అంటూ తాతారావు పెద్దగా నవ్వాడు. "ఇంతకన్నా మంచి శకునం ఉంటాదంటయ్యా? దీన్ని అమ్మేత్తావా? బుద్దుందా నీకు? ఎక్కించు బండి!"

ఆ తరువాత నా ప్రయాణాలన్నీ ఆ ట్రాలీ మీదే, తోకకు ఎర్రగుడ్డ కట్టుకుని. తాతారావు డీజిలు డబ్బులే తీసుకునేవాడు. కానీ ఒక షరతు పెట్టాడు. పొద్దున్నే మొగుడూ పెళ్ళాలు నన్ను భుజాన వేసుకుని బండికి ఎదురు రావాలి. అతను చెప్పులు విడిచి దణ్ణం పెడతాడు. అప్పుడు నన్ను ఎక్కిస్తారు. ఆ ఊరేగింపు రోజూ చూసి వీధంతా నవ్వేది. నూకరాజు మాత్రం ఇప్పటికీ తన రంగు తానే కలుపుకుంటాడు.

ఇప్పుడు నాకు వయసైంది. ఒక గెడ చీలింది. పనికి అల్యూమినియం నిచ్చెన కొన్నారు. అది మడత పడుతుంది, తేలిక, వయ్యారం కూడా ఎక్కువే. తాతారావుకు అది నచ్చదు. అందుకే ఎదురు రావడం వరకు నేనే వెళ్తాను, వచ్చి చూరు కింద మళ్ళీ ఆనుకుంటాను.

అప్పుడప్పుడు వీధిన పోయే కొత్తవాళ్ళెవరో నన్ను భుజాల మీద చూసి, గబగబా చెప్పులు విడిచి దణ్ణం పెడతారు. వాళ్ళను పిలిచి ఒక్క మాట చెప్పాలనిపిస్తుంది. బాబూ, నేను పాడెను కాను. ఇన్నేళ్ళలో నా మీద ఎక్కిన ప్రతివాడూ క్షేమంగా దిగి, చేతులు కడుక్కుని, అన్నానికి ఇంటికి వెళ్ళాడు.