చేపను తిరిగి పెట్టిన పిల్లి

నవ్వుల పుస్తకం ముందేసుకుని ముక్కు చీదేదాన్ని మా మనవరాలినే చూశాను. కళ్ళద్దాల దుకాణంలో పని, సాయంత్రాలు జపాను భాష క్లాసు. పుట్టిన దగ్గర్నుంచీ నోరు మూయదని దాన్ని పిచ్చుక అంటాం. ఈ జపాను బొమ్మల కథ చేతికొచ్చి మూడు వారాలు, ఆ నోరు పెగల్లేదు. మాట మాటకీ నిఘంటువు తిప్పడమే.

"ఇవాళ క్లాసులో ఈ కథ చూడకుండా వాళ్ళ భాషలో చెప్పాలి అమ్మమ్మా. చెప్పలేకపోతే మళ్ళీ మొదటి తరగతే. మానేస్తా, అంతే!" అని తువ్వాలు భుజానేసుకుని స్నానానికి పోయింది.

నాకు తెలుగే కూడబలుక్కోవాలి. బొమ్మలకేం, నలభై ఏళ్ళు బొమ్మ చూసి జాకెట్లు కుట్టినదాన్ని. అది బయటికొచ్చేసరికి పుస్తకం అయిపోయింది, నాకు ఒళ్ళు మండిపోతోంది.

"ఆ రొట్టెలు కాల్చేవాడు మనిషేనా!"

"ఏం చేశాడు?"

"ముందు పిల్లీ వాడూ ఒకే దుప్పట్లో పడుకున్నారా? తర్వాత చీపురెత్తి తరిమాడు. పాపం అది నోట్లో చేపను బుద్ధిగా తెచ్చి వాడి పళ్ళెంలో పెట్టింది. అయినా తీసుకెళ్ళి వానలో వదిలేశాడు!"

పిచ్చుక తల తుడుచుకోవడం ఆపేసింది. "అయ్యో, వెనకనుంచి చూశావే! జపాను వాళ్ళ పుస్తకం కుడివైపు నుంచి మొదలవుతుంది. అతను దాన్ని వానలోంచి లోపలికి తెచ్చాడు!"

"తెచ్చినవాడు చీపురెందుకు ఎత్తాడమ్మా?"

"చేప ఎత్తుకుపోతే? 'నీ మీసాలతో చీపురు కట్టిస్తా' అని అరుస్తాడు. అదేమో పిండి బస్తాలో దూరి తెల్లగా బయటికొస్తుంది..."

"వాడి ముఖం చూస్తే అలా లేదే" అని నేను అడ్డుపడుతూనే ఉన్నాను. వాణ్ణి వెనకేసుకొచ్చేకొద్దీ అది పిల్లి గొంతొకటి, వాడి గొంతొకటి పెట్టి, నవ్వలేక పొట్ట పట్టుకుంది. నిఘంటువు నా ఒళ్ళో ఉంది. దాని చూపే ఇటు పడలేదు.

"సరే, అదే వాళ్ళ భాషలో చెప్పు. నేనెలాగూ తప్పులు పట్టలేను."

చెప్పింది. మాట దొరకనిచోట తువ్వాలే చీపురైంది.

"అర్థమైందా?"

"చీపురు దగ్గర బాగా అర్థమైంది."

సాయంత్రం క్లాసునుంచి వస్తుంటే మెట్ల దగ్గరే దాని నోరు వినిపించింది. ఇంక ఫలితం అడగక్కర్లేదు.

"నేను గట్టెక్కాను అమ్మమ్మా! నీ కథ కూడా చెప్పాను. మా టీచరుకి నీ పిల్లే నచ్చిందట!"

"నచ్చదూ మరి? మీ పిల్లి దొంగ. నా పిల్లి చేప తిరిగి పెట్టింది."