హేమలత స్టీలు కారియరు

నాటకాల వాళ్లను కలవడానికి హేమలత ఊరెళ్లి వచ్చిన ప్రతిసారీ, ఆమె కాళ్లు కడుక్కునేలోపే మొగుడు దేవీప్రసాద్ స్టీలు కారియరు మూత తీసేవాడు. ఆకలేసి కాదు. ప్రయాణంలో తన పక్కన వినబడిన మాటలన్నీ ఆ కారియరు దాచుకునేది. మూత తీస్తే పులిహోర వాసనతోపాటు అవీ బయటికొచ్చేవి. అరకులో దాన్నెవరూ వింతగా చూడలేదు. ఆమె నవ్వునే వింతగా చూశారు.

"మీ స్టేజీకి కరెంటుందా అమ్మా?" ఆ రోజు అందులోంచి ఒక మగగొంతు.

"ఉంటది, పోతది. పెట్రోమాక్సులు మాత్రం పోవండి." హేమలత గొంతు. ఇద్దరి నవ్వూ.

"ఆ ఇకఇకలేటి?" అన్నాడు దేవీప్రసాద్.

"మూతి ముడుసుకుని కూకుంటే మన కొండెక్కి ఎవులొస్తారండీ?"

"ఉత్తరం రాస్తే సాలదా?"

"ఉత్తరాలందుకున్నోళ్లెవరూ రాలేదు. ఎదురుగా కూకుని టీ తాగినోళ్లే వచ్చారు."

అతని అనుమానం, ఆమెను ఊళ్లకు పంపే నాటకాల కమిటీకీ పాకింది. ఆ ఏడు, అంటే తొంభై తొమ్మిదిలో, ఇంకా ఒక్క నాటకమూ కుదరలేదు. చలికాలంలోపు కుదరకపోతే స్టేషను దగ్గరి ఆరుబయలు స్టేజీకి రేకులేసి కాఫీ గోడౌను చేసేస్తామన్నాడు ప్రెసిడెంటు వరహాలరావు. నాటక సమాజాల వాళ్లూ, వాళ్లను పిలిచే ఊళ్లవాళ్లూ కలుసుకునే సభ బరంపురంలో ఉంది.

"ఆడమనిషివి, ఊళ్లంట తిరగడం బాగోదమ్మా. ఈసారి మీ ఆయన్ని పంపుదాం" అన్నాడు వరహాలరావు.

దేవీప్రసాద్ ఆ స్టేజీ మీద ఎప్పుడూ నాటకం చూసిన పాపాన పోలేదు. మగాడు కావడమే అర్హత. హేమలత అదే కారియరులో పులిహోర సర్ది ఇచ్చింది.

తిరిగొచ్చి, దేవీప్రసాద్ కమిటీ ముందు కాలుమీద కాలేసుకు కూర్చున్నాడు. "అందరితోనూ మాటాడేశాను. వస్తామన్నారు."

"ఎవరెవరు?" అంది హేమలత.

"సెప్పేను కదా, అందరూ!"

ఆమె కారియరు బల్లమీద పెట్టి మూత తీసింది.

"స్టేజీ వెడల్పెంతండీ?" ఎవరిదో గొంతు.

"మా ఆవిణ్ణి అడగాలండి." దేవీప్రసాద్ గొంతు.

రెండో గిన్నె తీసింది.

"మీ కొండల్లో ధింసా నాట్యం ఆడేవాళ్లు మాతో కలిసి ఆడతారా?"

"అదీ మా ఆవిడికే తెలుసండి."

అడుగు గిన్నెలోంచి ఒక ముసలి గొంతు విసుక్కుంది: "అయితే ఆవిడే రావాల్సింది కదయ్యా! సభ ఇంకా నాలుగ్రోజులుంది. బేగి పంపు."

వరహాలరావు దగ్గాడు. దేవీప్రసాద్ కాలు కిందికి దించాడు.

"పొద్దున్న బండికి వెళ్లమ్మా" అన్నాడు వరహాలరావు, ఆమెకేసి చూడకుండా.

హేమలత ఈసారి పులిహోర అడ్డాకుల్లో పొట్లం కట్టుకుంది. కడిగిన కారియరు మూతపెట్టి వంటింటి గట్టు మీద ఉంచింది.

"ఇది తీసుకెళ్లవా?" అన్నాడు దేవీప్రసాద్.

"ఇంట్లోనే ఉండనీండి. వచ్చేక నేను మూత తీస్తాను."

ఇంట్లో కూర్చున్న కారియరు మాటలు దాస్తుందో లేదో ఎవరికీ తెలీదు. అయినా ఆమె వచ్చేదాకా, ఆ ఇంట్లో మొదటిసారి, దేవీప్రసాద్ గొంతు తగ్గించి మాట్లాడాడు.