సూది గుచ్చే చోటు

ఉప్పల్ కంటి ఆసుపత్రి నుంచి రెండోసారి వెనక్కి పంపారు. ఆకుపచ్చ గౌను తొడిగి, ఆపరేషన్ గది తలుపు దాకా తీసుకెళ్లి, అప్పుడు వేలికి సూది గుచ్చి చూశారు. షుగర్ మూడు వందల పన్నెండు. రెండు వందల లోపు దిగితేనే శుక్లం తీస్తామన్నారు. గౌను విప్పి ఇచ్చేశాను.

రెండు కళ్లూ మసకే. ఎడమది మరీ. నాచారంలో రామచంద్రరావు గారి వర్క్‌షాపులో ఇరవై ఎనిమిదేళ్లు డ్రిల్లింగ్ మెషీన్ నాది. మే నెలలో ఒక రేకు మీద రంధ్రం గీత తప్పింది. ఆయన దాన్ని వెలుతురుకు ఎత్తి చూశాడు.

"మొగిలయ్యా, కన్ను బాగు చేయించుకుని రా. దసరా దాకా చూస్తాను. ఆ తర్వాత ఇంకొకరిని పెట్టుకోక తప్పదు."

కోపంగా అని ఉంటే బాగుండేది.

ఇంటికి రాగానే కోడలు మానస గుమ్మంలోనే అడిగింది.

"మళ్ల ఎంతొచ్చింది మామయ్యా?"

"మూడొందల పన్నెండు."

"ఏం తిన్నరు? నిజం జెప్పున్రి. బెల్లమా, జిలేబీలా?"

"ఏం తినలే."

"గాలి తింటె షుగర్ వస్తదా?"

"నీ మాటలు తింటె వస్తది."

కొడుకు రంజిత్ ఫోన్ చూసుకుంటూ నవ్వాడు. ఆ నవ్వు నేను మరచిపోలేదు. మరచిపోను కూడా.

నా భార్య మల్లవ్వ పోయి నాలుగేళ్లు. ఆమె దినాల నాడు తిన్న పరమాన్నమే నేను చివరిసారి తిన్న తీపి. ఈ మాట ఇంట్లో ఎవరూ నమ్మరు. నమ్మే మనిషి పోయింది. ఏడాదిన్నర నుంచి పొద్దున, రాత్రి ఇన్సులిన్ వేసుకుంటున్నాను. మూడుసార్లు మోతాదు పెంచారు. షుగర్ కదల్లేదు.

మర్నాడు బస్తీ దవాఖానాకు మందుల కోసం పోయాను. అక్కడి నర్సు తారామణి నా చీటీ చూసి, తలెత్తి నన్ను చూసింది.

"గింత మందు ఏసుకుంటె గుర్రానికి గూడ దిగాలె అన్నా. ఏడ గుచ్చుకుంటున్నవ్? చొక్కా ఎత్తు."

ఎత్తాను. బొడ్డుకు ఎడమ పక్క మూడు వేళ్ల దూరంలో నాకు పుట్టుమచ్చ ఉంది. మా పనిలో రంధ్రం వేసే ముందు సెంటర్ పంచ్‌తో చుక్క పెడతాం. మెషీన్ బిట్టు ఆ చుక్కలోనే దిగాలి, వెంట్రుకవాసి పక్కకు పోకూడదు. సూదికి ఆ మచ్చనే చుక్క చేసుకున్నాను. మొదట్లో నొప్పి ఉండేది. తర్వాత పోయింది. చెయ్యి కుదిరిందనుకున్నాను.

ఆమె వేళ్లతో నొక్కింది. చర్మం కింద నిమ్మకాయంత గడ్డ.

"ఎప్పటిసంది గీ ఒక్క తావునే?"

"ఏడాదిన్నర. ఒక్కసారి గురి తప్పలే."

"గురి జూసి పొడిసెతందుకు గిది ఇనుప రేకా అన్నా? మాంసం! ఒక్క తావునే పొడిస్తె గిట్లనే గడ్డగడ్తది. మందు గా గడ్డలనే కూసుంటది, నెత్తుట్ల సక్కగ కలువది. ఇంట్ల తిట్టిన్రా?"

"దొంగతనంగ తింటున్ననన్నరు."

"నువ్వు తినలే, నీ షుగరూ దిగలే. రెండూ నిజమే."

లోపల డాక్టరమ్మ కూడా గడ్డను చూసి మోతాదు తగ్గించి రాసింది. కొత్త చోట మందు బాగా ఎక్కుతుందట. పాత మోతాదు వేస్తే షుగర్ ప్రమాదంగా పడిపోతుందట. చెమట, వణుకు వస్తే వెంటనే చక్కెర నీళ్లు తాగమంది. ఇంట్లో వాళ్లకు ముందే చెప్పి ఉంచమంది.

ఇంట్లో చెప్పలేదు. ఎందుకు చెప్పాలి?

మల్లవ్వ ఛాతీ ఎక్స్‌రే ఒకటి బీరువాలో పడి ఉంది. ఆమెకు అది ఏ పనికీ రాలేదు. దాన్ని కత్తిరించి, బొడ్డు చుట్టూ చోటు వదిలి, గడ్డను వదిలి, వేలు వేలు ఎడంగా పద్నాలుగు రంధ్రాలు చేశాను. వారానికి సరిపోతాయి. పొట్ట మీద పెట్టి ఆ పూట చోటు చూసుకోవడం, తీసేసి గుచ్చుకోవడం. ఒక్కొక్క చోటా నొప్పి పుట్టింది. చాలా రోజుల తర్వాత పుట్టిన నొప్పి. పళ్లు బిగబట్టాను.

నాలుగో రోజు రెండు వందల నలభై. ఎనిమిదో రోజు నూట తొంభై. తొమ్మిదో రోజు సాయంత్రం బట్టలు మడతపెడుతుంటే చేతులు వణికాయి. చొక్కా తడిసింది. వంటింటి గడప పట్టుకుని నిలబడ్డాను.

"చక్కెర ఇయ్యి" అన్నాను.

మానస నడుం మీద చెయ్యి పెట్టుకుంది. "ఇగో, ఇప్పుడు నన్నే అడుగుతున్నరు! సిగ్గు గూడ పోయిందా మామయ్యా?"

నోరు తిరగలేదు. కింద కూర్చున్నాను. అప్పుడు ఆమె ముఖం మారింది. మీటరు తెచ్చి నా వేలికి తనే గుచ్చింది. యాభై ఎనిమిది. గ్లాసులో చక్కెర కలిపిందో, చక్కెరలో నీళ్లు కలిపిందో, నా పెదాలకు ఆనించింది.

"తాగున్రి. తిట్టేది తర్వాత తిట్టున్రి."

తాగాను. పావుగంటకు మళ్లీ గుచ్చి చూసింది. తొంభై రెండు. ఊపిరి పీల్చుకుని నా పక్కనే నేల మీద కూలబడింది. గడ్డ సంగతి, మోతాదు సంగతి అప్పుడు చెప్పాను.

"ముందుగాల చెప్పొద్దా?"

"చెప్తె నమ్ముతుంటివా?"

తప్పయిందని ఆమె అనలేదు. కానీ మర్నాడు పొద్దున్నే నాకంటే ముందు చెప్పులేసుకుని దవాఖానాకు బయలుదేరింది. డాక్టరమ్మ మోతాదు ఇంకొంత తగ్గించింది. నా ఎక్స్‌రే ముక్కను తారామణి కిటికీ వెలుగుకు పెట్టి చూసి, అలాంటివి ఇంకో పది చేసివ్వమంది. నాలాంటి మొండివాళ్లు ఆమె దగ్గర చాలామంది ఉన్నారట.

మూడోసారి ఉప్పల్‌లో గౌను తొడిగినప్పుడు నూట అరవై రెండు. ఎడమ కన్ను పైన చిన్న స్టిక్కర్ అంటించి లోపలికి తీసుకెళ్లారు. తర్వాతి రోజు కట్టు విప్పగానే ఎదుట మానస కనిపించింది. చెవి పక్కన నాలుగు తెల్లవెంట్రుకలు. ఎప్పుడొచ్చాయో తెలియదు.

"మెషీన్ పనికి ఎప్పటిసంది పోవచ్చు సారూ?" నేను అడిగేలోపు డాక్టర్‌ను ఆమే అడిగింది.

నెల రోజులు దుమ్ముకు దూరంగా ఉండమన్నాడు. దసరాకు ఇంకా నలభై రోజులున్నాయి.

ఆసుపత్రి మెట్ల మీద నుంచే రామచంద్రరావు గారికి ఫోన్ చేశాను.

"షుగర్ తగ్గిందా మొగిలయ్యా?"

"తగ్గింది. కన్ను గూడ అయింది. వచ్చే నెల వస్తున్న. మెషీన్ మీద ఎవరినీ పెట్టకున్రి."

"ఎవరిని పెడతానయ్యా, అది నీకు తప్ప ఎవరికీ లొంగదు. బెల్టు జారిపోతోంది, నువ్వొచ్చి చూడు."

ఆ బెల్టు మార్చమని నేను రెండేళ్లు మొత్తుకున్నాను. ఆ మాటే ఆయనకు గట్టిగా చెప్పాను.